రెస్టోర్ చేశాం అంటే ఏం చేసినట్టు?

పోయిన అక్టోబర్‌లో ఇంగ్లండ్ నుంచి మా బాబాయ్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఒక పీడీఎఫ్ పంపాను. పదిహేడో పేజీ చూసి నీకేమనిపించిందో చెప్పు" అన్నాడు. అప్పుడు నేను ల్యాబ్ రికార్డ్ రాసుకుంటున్నా. మా ఇంట్లో కంప్యూటర్ సైన్స్ చదివేవాడికి ఏది పంపినా చూసి చెప్పగలడని ఒక నమ్మకం ఉంది. ప్రింటర్ పాడైనా నేనే, పెళ్ళి కార్డు డిజైన్ అయినా నేనే.

ఓపెన్ చేస్తే అది పాత మోటార్‌సైకిళ్ళ వేలం కేటలాగ్. పదిహేడో పేజీలో బీఎస్ఏ గోల్డ్ స్టార్, డీబీడీ34 మోడల్, 500 సీసీ. వెండి రంగు ట్యాంక్, పక్కల క్రోమ్, గుండ్రటి స్టార్ బ్యాడ్జ్. ఫొటోలో మచ్చంటూ లేదు. కింద అంచనా ధర 12,000 నుంచి 14,000 పౌండ్లు. బాబాయ్ ఏడేళ్ళుగా పక్కన పెట్టుకుంటున్న డబ్బు సరిగ్గా అంతే.

ఈ పేరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బీఎస్ఏ బ్రాండ్ 2016లో మహీంద్రా గ్రూపుకి చెందిన క్లాసిక్ లెజెండ్స్ చేతికి వచ్చింది. కొత్త గోల్డ్ స్టార్ 650 మన దేశంలో 2024 ఆగస్టులో లాంచ్ అయింది. మన పార్కింగ్‌లో దాని గురించి నడిచే డిస్కషన్లు నేనూ విన్నా. కానీ బాబాయ్ అడిగింది పాతది, బర్మింగ్‌హామ్‌లో పుట్టిన అసలుది. 1937లో వాల్ హ్యాండ్లీ అనే రేసర్ బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద బీఎస్ఏ బండితో గంటకు వంద మైళ్ళు దాటి ల్యాప్ కొట్టాడు. అక్కడ వంద దాటినవాళ్ళకి ఒక చిన్న బంగారు నక్షత్రం బ్యాడ్జ్ ఇచ్చేవాళ్ళు. మోడల్‌కి ఆ పేరు అలా వచ్చింది. డీబీడీ34 వచ్చింది 1956లో, గోల్డ్ స్టార్ల తయారీ ఆగిపోయింది 1963లో.

మరి మా బాబాయ్‌కి బీఎస్ఏ మీద అంత పిచ్చి ఎందుకంటే, మా ఇంట్లో ఒక ఫొటో ఉంది. కాకినాడలో మా తాతయ్య ఒక బీఎస్ఏ ఎం20 మీద కూర్చుని ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధం కోసం ఆ మోడల్‌ని లక్షకు పైగా తయారు చేశారు. యుద్ధం అయ్యాక మిలటరీ డిస్పోజల్‌లో అమ్మేసిన బళ్ళు చేతులు మారుతూ మన ఊళ్ళకీ వచ్చాయి. తాతయ్య తన బండిని మా పెద్దత్త పెళ్ళికి అమ్మేశారు. అప్పటికి బాబాయ్ ఇంకా పుట్టలేదు. తను ఎప్పుడూ చూడని బండి కోసం ఒక మనిషి ఏడేళ్ళు డబ్బు దాచుకున్నాడు. అందుకే ల్యాబ్ రికార్డ్ పక్కన పడేసి ఆ పేజీ మీద కూర్చున్నా.

ఆ రెండు వారాల్లో నాకు ఏర్పడిన అభిప్రాయం ముందే చెప్పేస్తా. వేలంలో రెస్టోర్ చేసిన పాత బండి కొనేటప్పుడు మనం పెయింట్‌కి డబ్బు కట్టకూడదు, దాని చరిత్రకి కట్టాలి. ఏం మార్చారో రాసి ఉంచని రెస్టోరేషన్ బండిని బాగుచేసినట్టు కాదు, దాని గతాన్ని చెరిపేసినట్టు.

మా రూమ్మేట్ దీనికి ఒప్పుకోలేదు. "రిఫర్బిష్డ్ ఫోన్ కొంటాం కదరా, ఇదీ అంతే" అన్నాడు. అంతే కాదు. రిఫర్బిష్డ్ ఫోన్‌కి ఎంతో కొంత వారంటీ ఉంటుంది, నచ్చకపోతే వెనక్కి పంపొచ్చు. వేలంలో బండి ఎలా ఉందో అలాగే అమ్ముతారు. నడిపి చూడనివ్వరు, చాలాసార్లు హాల్లో స్టార్ట్ కూడా చెయ్యనివ్వరు. ముందు చూసుకోడానికి ఒక వ్యూయింగ్ టైమ్ ఇస్తారు. అప్పుడు వెళ్ళి చూసుకోవాల్సిన బాధ్యత కొనేవాడిదే.

ఇక లెక్కల సంగతి. సుత్తి దెబ్బ పడిన ధర మనం కట్టే ధర కాదు. దాని మీద వేలం సంస్థకి బయ్యర్స్ ప్రీమియం ఉంటుంది, ఆ ప్రీమియం మీద మళ్ళీ వ్యాట్ ఉంటుంది. ప్రీమియం 15 శాతం అనుకోండి, బ్రిటన్‌లో వ్యాట్ 20 శాతం. బండి 13,000 పౌండ్లకి ఆగితే ప్రీమియం 1,950, దాని మీద వ్యాట్ 390. మొత్తం 15,340. ట్రాన్స్‌పోర్ట్ వేరే. బాబాయ్ దగ్గరున్న 14,000 లోపల అన్నీ సర్దాలంటే తన చెయ్యి 11,800 దగ్గరే దిగిపోవాలి. హాల్లో సుత్తి పట్టుకున్నవాడు నీ కళ్ళలోకి చూస్తూ "ఇంకొక్కటి, సర్?" అన్నప్పుడు ఈ లెక్క గుర్తుండదు. అందుకే ముందే కాగితం మీద రాసి జేబులో పెట్టుకోమన్నా.

తరవాత కేటలాగ్ భాష. ఇది చదవడం ఒక ప్రత్యేకమైన విద్య. "కొన్నేళ్ళుగా ప్రదర్శనలో ఉంది" అంటే నడవలేదని అర్థం. "రీకమిషనింగ్ అవసరం" అంటే కొన్న వెంటనే ఎక్కి ఇంటికి వెళ్ళలేవు, ముందు మెకానిక్ బిల్లు కట్టాలి. "అమ్మకందారు చెప్పిన ప్రకారం" అంటే మేం చెక్ చెయ్యలేదు అని. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. చదివేవాడు తొందరలో ఉంటాడని వాళ్ళకి తెలుసు, అంతే.

మా పదిహేడో పేజీలో కూడా అలాంటి మాట ఒకటుంది. "డీబీడీ34 స్పెసిఫికేషన్‌కి పూర్తిగా రెస్టోర్ చేయబడినది" అని రాశారు. నేను మూడుసార్లు చదివా, మూడుసార్లూ "పూర్తిగా" దగ్గరే ఆగిపోయా. నాలుగోసారి "స్పెసిఫికేషన్‌కి" అనే మాట కనిపించింది. ఇది డీబీడీ34 అని వాళ్ళు అనలేదు. డీబీడీ34 లాగా తయారు చేశాం అన్నారు.

ఇక్కడ కొంచెం టెక్నికల్ విషయం చెప్పాలి. బీఎస్ఏ అదే కాలంలో బీ31, బీ33 అనే మామూలు సింగిల్ సిలిండర్ బళ్ళు కూడా చేసింది. ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు, సైడ్‌కార్ తగిలించుకుని పిల్లల్ని తిప్పేవాళ్ళు నడిపిన బళ్ళు. కుటుంబం ఒకటే కాబట్టి బయటి రూపం దగ్గరదగ్గరగా ఉంటుంది, ధర మాత్రం చాలా తక్కువ. అలాంటి ఫ్రేమ్‌లో గోల్డ్ స్టార్ ఇంజిన్ పెట్టి, ట్యాంక్ మార్చి, క్రోమ్ చేయిస్తే పది అడుగుల దూరం నుంచి ఎవరూ కనిపెట్టలేరు. పైన పటారం, లోన లొటారం అంటారు చూడండి, అదీ.

దగ్గరికి వెళ్తే మాత్రం తెలుస్తుంది. డీబీడీ34 కాలం నాటి గోల్డ్ స్టార్ ఫ్రేమ్‌కి కుడివైపు కింది గొట్టంలో ఒక వంపు ఉంటుంది, ఆయిల్ పంప్‌కి తగలకుండా ఫ్యాక్టరీలోనే వంచిన వంపు. ఫ్రేమ్ నంబర్ సీబీ32 అని మొదలవ్వాలి, ఇంజిన్ నంబర్ డీబీడీ34 జీఎస్ అని. ఇంకో తమాషా ఏంటంటే, ఈ బండికి ఇంజిన్ నంబరూ ఫ్రేమ్ నంబరూ ఫ్యాక్టరీలోనే వేరువేరుగా వేశారు. రెండూ ఒకటే అయి ఉండవు. కాబట్టి "మ్యాచింగ్ నంబర్స్" అన్న మాటకి ఇక్కడ ఒకటే అర్థం, ఏ ఇంజిన్ ఏ ఫ్రేమ్‌లో ఫ్యాక్టరీ గేటు దాటిందో పాత డిస్పాచ్ పుస్తకంలో రాసి ఉండాలి. ఆ పుస్తకాలు బ్రిటన్‌లో వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. డెబ్భై ఏళ్ళ కిందట ఒక గుమాస్తా చేత్తో రాసిన ఒక లైను, ఈరోజు వేల పౌండ్ల తేడాని తేలుస్తుంది.

మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే అది కామిట్ హిస్టరీ. సెకండియర్ మినీ ప్రాజెక్ట్‌లో మా టీమ్‌లో ఒకడు రిపోజిటరీ హిస్టరీ మొత్తం తీసేసి, అంతా కలిపి ఒకే కామిట్‌గా పెట్టి దానికి "ఫైనల్" అని పేరు పెట్టాడు. కోడ్ చూడ్డానికి నీట్‌గా ఉంది. బగ్ వచ్చినప్పుడు మాత్రం ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఎవరికీ తెలీదు. రెస్టోరేషన్ ఫైల్ లేని మెరిసే బండి అచ్చం ఆ "ఫైనల్" కామిట్ లాంటిదే.

నేను చిన్నవాణ్ణి, నాకేం తెలుసు అనుకుంటే మార్కెట్‌నే అడుగుదాం. 2016 ఏప్రిల్‌లో బోనమ్స్ వాళ్ళ స్టాఫర్డ్ వేలంలో ఎనిమిది బ్రఫ్ సుపీరియర్ బళ్ళు అమ్మకానికి వచ్చాయి. కార్న్‌వాల్‌లోని బోడ్మిన్ మూర్ దగ్గర ఒక పాకలో యాభై ఏళ్ళకు పైగా తుప్పు పట్టి పడి ఉన్నవి అవి. కొన్ని ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. ఎవరూ ఒక్క స్క్రూ కూడా మార్చలేదు. ఎనిమిదీ కలిపి 7,52,625 పౌండ్లు పలికాయి. అందులో 1938 నాటి నాలుగు సిలిండర్ల బండి ఒక్కటే 3,31,900 పౌండ్లు. తరవాత 2018 జనవరిలో లాస్ వేగాస్‌లో 1951 నాటి విన్సెంట్ బ్లాక్ లైట్నింగ్ 9,29,000 డాలర్లకి అమ్ముడైంది. ఆస్ట్రేలియాలో స్పీడ్ రికార్డ్ కొట్టిన బండి అది, దాన్ని కూడా రెస్టోర్ చెయ్యలేదు. గీతలు, అరిగిన పెయింట్ అన్నీ అలాగే ఉన్నాయి. ఇవి చాలా అరుదైన బళ్ళు, ఆ ధర అందుకు కూడా, నిజమే. కానీ కొన్నవాళ్ళు కావాలనుకుంటే మర్నాడే కొత్త పెయింట్ వేయించుకోగలిగినంత డబ్బున్నవాళ్ళు. పెయింట్ ఎప్పుడైనా వేయించుకోవచ్చు, పాత గీత మాత్రం ఎక్కడా దొరకదు, వాళ్ళు డబ్బు కట్టింది దానికే.

ఇక్కడ రెండోవైపు వాదన కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. రెస్టోర్ చేసేవాళ్ళే లేకపోతే ఈ బళ్ళలో సగం పైన ఇనప సామాన్ల కొట్టుకి పోయేవి. విన్సెంట్ కంపెనీ బళ్ళు చెయ్యడం 1955లోనే ఆపేసింది. అయినా ఆ బళ్ళు ఈరోజు రోడ్డు మీద తిరుగుతున్నాయంటే కారణం ఓనర్ల క్లబ్ తన స్పేర్స్ కంపెనీ ద్వారా కొత్త పార్ట్స్ చేయించి అమ్మడమే. అరిగిన బ్రేకులు "ఒరిజినల్" అని అలాగే ఉంచి కొండ దిగమని నేను ఎవరికీ చెప్పను. బండి అంటే నడవాలి. టైర్లు, కేబుళ్ళు, వైరింగ్, బేరింగులు మార్చాల్సిందే. నా గొడవ మార్చడంతో కాదు, మార్చి చెప్పకపోవడంతో. విప్పేముందు తీసిన ఫొటోలు, కొన్న ప్రతి పార్టుకీ రసీదు, తీసేసిన పాత ముక్కలు ఒక అట్టపెట్టెలో ఉంటే, ఆ బండి ఎంత కొత్తగా మెరిసినా నాకు ఓకే. అలాంటి రెస్టోరేషన్ చేసినవాడికి దణ్ణం పెడతా.

ఇది రాస్తూ రెస్టోరేషన్‌కి తెలుగులో ఏమంటారని ఆలోచించా. ఇంగ్లిష్ మీడియంలో చదివిన పాపానికి నాకు వెంటనే తట్టలేదు. అమ్మమ్మని అడిగితే "జీర్ణోద్ధరణ" అంది. జీర్ణమైపోయినదాన్ని ఉద్ధరించడం. ఎంత బావుందో మాట! ఆ వెంటనే ఆవిడే ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళ ఊరి గుడికి కూడా జీర్ణోద్ధరణ చేశారట. స్తంభాలన్నిటికీ మెరిసే రంగులు కొట్టారు. ఒక స్తంభం మీద పాత శాసనం ఉండేది, ఆ రంగు కింద అక్షరాలు పూడిపోయాయి. "గుడి కొత్తగా ఉంది గానీ, అది ఎవరు కట్టించారో చెప్పే రాయి మూగదైపోయింది" అంది. నేను ఇన్ని పేరాల్లో చెప్పింది అమ్మమ్మ ఒక్క మాటలో చెప్పేసింది.

మన చట్టం కూడా ఇంచుమించు ఈ మాటే అంటోంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి కొత్త రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి యాభై ఏళ్ళు దాటిన టూ వీలర్లకీ కార్లకీ నంబర్ ప్లేటు మీద వీఏ అనే సిరీస్ ఇస్తారు. కానీ ఒక షరతు ఉంది. బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసీ, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. మన దగ్గర ఇళ్ళలో, షెడ్లలో పాత బుల్లెట్లు, జావాలు ఇంకా ఉన్నాయి. మీ ఇంట్లో అలాంటిది ఒకటుంటే, యూట్యూబ్ చూసి స్ప్రే గన్ పట్టుకునేముందు ఒక్కసారి ఆగండి. ముందు ఫొటోలు తియ్యండి, నంబర్లు రాసుకోండి, పాత ఆర్సీ బుక్ ఎక్కడుందో వెతకండి.

ఇక బాబాయ్ కథ. వ్యూయింగ్ రోజు పొద్దున్నే వెళ్ళాడు. నేను చెప్పినట్టే కోటు విప్పి పక్కన పెట్టి, నేల మీద పడుకుని టార్చ్ వేశాడు. వీడియో కాల్‌లో నాకూ చూపించాడు. కుడివైపు కింది గొట్టం. చేత్తో ముందు నుంచి వెనక్కి తడిమాడు. వంపు లేదు. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. ఇంజిన్ అసలుదే, ఫ్రేమ్ బీ31ది. ఫైల్ అడిగితే, పెయింటింగ్ బిల్లు ఒక్కటే ఉంది.

కాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత "అయినా బావుంది కదరా" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. నిజంగానే బావుంది. ఏడేళ్ళు ఎదురుచూసిన మనిషికి గొట్టంలో వంపు లేదని చెప్పి వద్దనడం అంత తేలిక కాదని అప్పుడు అర్థమైంది. "కొను బాబాయ్, కానీ గోల్డ్ స్టార్ రేటు పెట్టి కొనకు" అన్నా. అంతకన్నా ఏం చెప్పగలను?

వేలం సమయానికి ఇక్కడ రాత్రి ఏడున్నర. మెస్‌లో ప్లేటు ముందు పెట్టుకుని ఇయర్‌ఫోన్స్‌లో విన్నా. పది వేలు, పదకొండు, పదకొండున్నర. బాబాయ్ చెయ్యి ఒక్కసారి కూడా లేవలేదట. ఎవరో 13,000కి కొనుక్కున్నారు. వాళ్ళు ఫ్రేమ్ సంగతి తెలిసే కొన్నారేమో, అది నడిపి సంతోషంగా ఉంటారేమో. వాళ్ళ మీద నాకేం కోపం లేదు.

నాకు తెలియకుండా బాబాయ్ ఇంకో పని చేశాడు. అదే హాల్లో ఓ మూల ఒక బీ31 ఉంది. 350 సీసీ, నల్ల పెయింట్ ట్యాంక్ మీద మోకాళ్ళు తగిలే చోట అరిగిపోయింది, వెనక మడ్‌గార్డ్‌కి సొట్ట. దానితోపాటు ఒక ఫైల్ ఇచ్చారు. పాత లాగ్‌బుక్, అందులో నలుగురు ఓనర్ల పేర్లు, పెట్రోల్ రసీదులు, 1960లలో ఎవరో పెన్సిల్‌తో రాసుకున్న సర్వీసు లెక్కలు. సుత్తి 3,200 దగ్గర పడింది. అన్నీ కలిపి 3,776 పౌండ్లు. గోల్డ్ స్టార్ కాదు, దాని వేషం వెయ్యకుండా మిగిలిపోయిన మామూలు బండి. తాతయ్య ఎం20 లాగే, పనికి వెళ్ళొచ్చే బండి.

ఇంటికి తెచ్చాక బాబాయ్ అడిగిన మొదటి ప్రశ్న, "ఒరేయ్, దీన్ని రెస్టోర్ చేయించమంటావా?"

"బ్రేకులు, టైర్లు, వైరింగ్ చేయించు. మిగతాది ముట్టుకోకు. ఏం చేసినా రాసిపెట్టు" అని ఒక షీట్ తయారు చేసి షేర్ చేశా. తేదీ, ఏం మార్చాం, ఎందుకు మార్చాం, పాతది ఎక్కడ పెట్టాం. నాలుగే కాలమ్స్. మొదటి ఎంట్రీ బాబాయ్ తెలుగులోనే రాశాడు:

"వెనక మడ్‌గార్డ్ సొట్ట. ఎవరి చేతిలో పడిందో తెలీదు. తియ్యలేదు."